కిరణం దారిలో గుండె

2011 జూన్‌లో అమెరికాలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మీద నడుస్తున్న ఒక పెద్ద ట్రయల్‌లో ఎక్కువ మోతాదు రేడియేషన్ ఇస్తున్న భాగాన్ని అర్ధాంతరంగా ఆపేశారు. ఆర్‌టీఓజీ 0617 అని ఆ ట్రయల్ పేరు. అమెరికా, కెనడాల్లోని 185 కేంద్రాలు పాల్గొన్నాయి, మొత్తం 544 మంది రోగులు చేరారు. అందరిదీ మూడో దశ, ఆపరేషన్‌కు లొంగని జబ్బు. కొందరికి కీమోతో పాటు 60 గ్రే రేడియేషన్, మరికొందరికి 74 గ్రే. మోతాదు పెంచితే కణితి గట్టిగా దెబ్బతింటుంది, మనిషి ఇంకొన్నాళ్లు బతుకుతాడు అని డాక్టర్ల లెక్క. అంతకు ముందు చేసిన చిన్న ట్రయల్స్ కూడా ఆ ఆశనే పెంచాయి.

తీరా చూస్తే అంతా తలకిందులైంది. 60 గ్రే తీసుకున్నవాళ్లలో సగం మంది 28.7 నెలలు దాటి బతికారు. 74 గ్రే తీసుకున్నవాళ్లలో ఆ గడువు 20.3 నెలలే. ఎక్కువ మందు పోస్తే ఎనిమిది నెలల ఆయుష్షు తగ్గిందన్నమాట. పోనీ, కణితి అయినా బాగా అణిగిందా అంటే అదీ లేదు. రెండేళ్లలో జబ్బు అదే చోట తిరగబెట్టినవాళ్లు 60 గ్రే వైపు 30.7 శాతం, 74 గ్రే వైపు 38.6 శాతం. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన జెఫ్రీ బ్రాడ్లీ, ఆయన సహచరులు 2015లో లాన్సెట్ ఆంకాలజీలో ఈ ఫలితాలు వేశారు. రేడియేషన్ డాక్టర్లకు అప్పటి నుంచి ఇది మింగుడుపడని విషయం.

ఎందుకిలా అయింది? అన్నవాహిక పుండైపోయి మింగలేని స్థితికి వచ్చినవాళ్లు తక్కువ మోతాదులో 7 శాతమైతే ఎక్కువ మోతాదులో 21 శాతం. అది ఒక కారణం. కానీ లెక్కలు తవ్వుతుంటే ఇంకొకటి బయటపడింది. గుండెలో ఎంత భాగానికి 5 గ్రే తగిలింది, ఎంత భాగానికి 30 గ్రే తగిలింది అన్నదాన్ని బట్టి ఆ మనిషి ఎంతకాలం బతుకుతాడో చాలావరకు తేలుతోంది. ఊపిరితిత్తుల కోసం పెట్టిన ట్రయల్ గుండె వైపు వేలు చూపించింది.

ఇక్కడ గ్రే సంగతి కాస్త చెప్పాలి. లూయిస్ హెరాల్డ్ గ్రే అనే బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త పేరు అది. కిలో కణజాలం ఒక జౌల్ శక్తిని పీల్చుకుంటే ఒక గ్రే. మామూలుగా రోజుకు 2 గ్రే చొప్పున, వారానికి అయిదు రోజులు, ఆరు వారాలు ఇస్తే 60 అవుతుంది. ఆ 60 గ్రే శక్తినంతా ఒక్కసారిగా వేడి రూపంలో నీళ్లకు ఇచ్చినా నీళ్లు డిగ్రీలో వందో వంతుకు కాస్త పైన వేడెక్కుతాయి, అంతే. అందుకే బల్ల మీద పడుకున్న మనిషికి ఏమీ తెలియదు. మన ఊళ్లల్లో ‘కరెంటు పెట్టారు’ అంటారు గానీ షాకూ ఉండదు, మంటా ఉండదు. పని జరిగేదంతా డీఎన్‌ఏ స్థాయిలో. పోగులు తెగిన కణం మళ్లీ విభజన చెందబోయి చస్తుంది. క్యాన్సర్ కణాలు ఆత్రంగా విభజన చెందుతుంటాయి కాబట్టి దెబ్బ వాటికే ఎక్కువ.

గుండెకు ఏమీ కాదని చాలాకాలం అనుకోవడానికి మూలం కూడా ఈ తర్కమే. గుండె కండరం దాదాపుగా విభజన చెందదు, కాబట్టి రేడియేషన్‌ను తట్టుకుంటుంది అని ఇరవయ్యో శతాబ్దం మధ్య దాకా పుస్తకాల్లో ఉండేది. ఆ మాటను మొదట ప్రశ్నించింది స్టాన్‌ఫర్డ్. అక్కడ హెన్రీ కాప్లన్, ఎడ్వర్డ్ గింజ్‌టన్ కలిసి 1956లో లీనియర్ యాక్సిలరేటర్‌తో చికిత్స మొదలుపెట్టారు. పశ్చిమార్ధ గోళంలో ఆ యంత్రంతో వైద్యం చేయడం అదే మొదలు. అప్పటిదాకా చాలామందికి చావే తప్ప దారిలేని, లింఫ్ గ్రంథుల్లో పుట్టే క్యాన్సర్ అయిన హాడ్జ్‌కిన్ వ్యాధి అక్కడ నయం కావడం మొదలైంది. పడుచు వయసులో బతికి బట్టకట్టిన ఆ రోగులు తర్వాత గుండె జబ్బులతో తిరిగి రాసాగారు. లూయిస్ ఫహార్డో అనే పాథాలజిస్టు, రాబర్ట్ స్టీవర్ట్ అనే డాక్టరు కలిసి వాళ్ల గుండెలనూ, ప్రయోగశాలలో కుందేళ్ల గుండెలనూ సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశారు. కండరం బాగానే ఉంది, దాన్ని పోషించే సన్నని రక్తనాళాలు మాత్రం చితికిపోయాయి. నెత్తురు అందని చోట కండరం చచ్చి, పీచులా గట్టిపడింది. 1993లో స్టాన్‌ఫర్డ్ డాక్టర్లు 2,232 మంది హాడ్జ్‌కిన్ రోగుల లెక్క తీస్తే 88 మంది గుండె జబ్బుతో పోయారు. అదే వయసు మామూలు జనంతో పోలిస్తే అది మూడు రెట్లు ఎక్కువ.

మరి ఇంత తెలిసీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఎందుకు పట్టించుకోలేదు? నా ఉద్దేశంలో ఈ కథ మొత్తంలో గట్టిగా ఆలోచించాల్సిన చోటు ఇదే. హాడ్జ్‌కిన్ రోగి ముప్పై ఏళ్లు బతుకుతాడు, కాబట్టి గుండె గురించి ఆలోచించేవారు. మూడో దశ ఊపిరితిత్తుల రోగి రెండేళ్లు ఉంటాడో ఉండడో, పదిహేనేళ్ల తర్వాత వచ్చే గుండెపోటు మాట ఇప్పుడెందుకు అని వదిలేశారు. రెండో చికాకు ఇంకా పెద్దది. పొగతాగి ఊపిరితిత్తులు పాడైన మనిషికి ఆయాసం వస్తే జబ్బు వల్లే అంటారు. నిద్రలో పోతే క్యాన్సరే తీసుకుపోయిందంటారు. సర్టిఫికెట్ మీదా అదే రాస్తారు. గుండె చేసిన పని క్యాన్సర్ ఖాతాలో జమైపోయేది. 0617లో కూడా డాక్టర్లు గుండె మరణాలని విడిగా రాసినవి చాలా తక్కువ. డోసు అంకెలను, ఆయుష్షు అంకెలను పక్కపక్కన పెట్టినప్పుడే ఆ నీడ కనబడింది.

ఆ తర్వాత పెద్ద ఆస్పత్రులన్నీ పాత ఫైళ్లు తెరిచాయి. నార్త్ కరొలైనా యూనివర్సిటీ వాళ్లు తమ పాత ట్రయల్స్‌లో మోతాదు పెంచి చికిత్స చేసిన 112 మందిని మళ్లీ పరిశీలించి 2017లో రాశారు. వాళ్లలో 23 శాతం మందికి గుండెకు సంబంధించిన బాధ ఏదో ఒకటి వచ్చింది. ఛాతీనొప్పి, గుండెపోటు, గుండె చుట్టూ నీరు చేరడం, లయ తప్పడం. మొదటి బాధ రావడానికి పట్టిన కాలం సగం మందిలో 26 నెలల లోపే. గుండెకు సగటున 10 గ్రే కంటే తక్కువ తగిలినవాళ్లలో రెండేళ్లలో ఇబ్బంది పడ్డది 4 శాతం, 10 నుంచి 20 మధ్య ఉంటే 7 శాతం, 20 దాటితే 21 శాతం. అదే ఏడు మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు 125 మంది రోగుల లెక్క తీస్తే రెండేళ్లలో 11 శాతానికి తీవ్రమైన గుండె సమస్యలు. 2019లో బోస్టన్ నుంచి కేట్లిన్ అట్కిన్స్, రేమండ్ మాక్ బృందం ఇంకా పెద్ద లెక్క తెచ్చింది. 748 మందిలో 77 మందికి గుండెపోటు, గుండె వైఫల్యం వంటి పెద్ద దెబ్బలు తగిలాయి. పదిహేనేళ్ల తర్వాత ఎప్పుడో వస్తుందనుకున్నది రెండేళ్లకే గుమ్మంలో నిలబడింది.

అన్నట్టు ఆ 748 మందిలో మూడోవంతుకు పైగా జనానికి చికిత్స మొదలవక ముందే గుండె రక్తనాళాల జబ్బు ఉంది. ఆశ్చర్యమేమీ లేదు. ఊపిరితిత్తులను తినేసిన సిగరెట్టే గుండె నాళాలనూ తినేసి ఉంటుంది.

లోపల జరిగేది ఇది. రక్తనాళం లోపలి పొర చాలా సున్నితమైనది. కిరణం తగిలితే అది వాస్తుంది, అతుక్కునే గుణం పెరుగుతుంది, తెల్లకణాలు, కొవ్వు అక్కడ చేరతాయి. అప్పటికే కొవ్వు పేరుకున్న నాళమైతే ఆ పని తొందరగా సాగుతుంది. గుండె మీద కప్పుకుని ఉండే పలచని సంచి వాచి నీరు పట్టవచ్చు. కవాటాలు ఏళ్ల తరబడి మెల్లగా బిరుసెక్కుతాయి. గుండె లయను నడిపే కణుపు కుడి పైగదిలో ఉంటుంది, దానికి డోసు తగిలితే లయ తప్పుతుంది. ఇవన్నీ ఒకే మనిషికి రావు, ఒకే వేగంతోనూ రావు.

గుండెను ఒకే ముద్దగా చూసి సగటు డోసు లెక్కగట్టడం చాలదని ఇప్పుడు అర్థమైంది. ఊరంతటికీ కలిపి నాలుగంగుళాల వాన అని రేడియోలో చెబితే చెరువుకట్ట కింది వీధివాళ్లకు ఏం ఊరట? గుండెలోనూ అలాంటి పల్లపు వీధి ఉంది. ఎడమ వైపు ముందు నుంచి దిగే ఎల్‌ఏడీ అనే ధమని. స్టెంటు వేయించుకున్నవాళ్ల ఇళ్లలో అందరికీ తెలిసిన పేరే. బోస్టన్ బృందం 2021లో ఈ ధమనికి తగిలిన డోసును విడిగా కొలిచింది. ఆ నాళంలో పదోవంతుకు 15 గ్రే గానీ అంతకు మించి గానీ తగిలితే ప్రమాదం పెరుగుతోందని తేలింది. సగటు బాగున్నా ఈ ఒక్క నాళం మునిగిపోవచ్చు.

ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ వాళ్లు వేరే దారిలో వచ్చారు. 1,101 మంది రోగుల డోసు చిత్రాలను ఒకదాని మీద ఒకటి పరిచి, బతికినవాళ్లకూ పోయినవాళ్లకూ తేడా ఎక్కడుందో కంప్యూటర్‌తో వెతికించారు. గుండె పైభాగంలో, పెద్ద నాళాలు బయలుదేరే చోట తేడా కనిపించింది. మూడో దశలో జబ్బు పాకేది సరిగ్గా ఆ చుట్టుపక్కల లింఫ్ గ్రంథులకే. అక్కడ డోసు తగ్గించడం అంత కష్టం అందుకే. అక్కడివాళ్లే చేసిన ఇంకో పని నన్ను ఎక్కువ ఆకట్టుకుంది. రోజూ చికిత్సకు ముందు మనిషిని బల్ల మీద సరిచేసినా కొద్ది మిల్లీమీటర్ల తేడా మిగులుతుంది. అయిదు మిల్లీమీటర్ల లోపుంటే ఫర్వాలేదని వదిలేసేవారు. ఆ చిన్న తేడా గుండె వైపు జరిగినవాళ్లు, గుండెకు దూరంగా జరిగినవాళ్ల కంటే తక్కువ కాలం బతికారు. డోసు పెంచలేదు, మందు మార్చలేదు, బియ్యపు గింజంత జరుగుబాటు.

కథ ఇంత నున్నగా లేదని కూడా చెప్పాలి. గుండెకు తగిలిన డోసు వల్ల ఆయుష్షు తగ్గుతోందంటే గుండె జబ్బే కారణమని అర్థం కాదు. మనిషి ఒంట్లోని అయిదు లీటర్ల నెత్తురూ నిమిషానికోసారి గుండెలోంచి పోయి వస్తుంది. కిరణం గుండెను తాకినంతసేపూ ఆ దారిన పోయే లింఫోసైట్లు దెబ్బ తింటూనే ఉంటాయి. మన రక్తకణాల్లో రేడియేషన్‌కు అతి సులువుగా చచ్చేవి అవే, క్యాన్సర్‌తో పోరాడే సైన్యమూ అదే. కాబట్టి గుండె డోసు అనే అంకె వెనక రోగనిరోధక శక్తి పోవడం కూడా దాగి ఉండవచ్చని గట్టిగా వాదించేవాళ్లున్నారు. రెండూ కొంత కొంత నిజమే కావచ్చని నాకనిపిస్తుంది. ఏది నిజమైనా చేయాల్సింది ఒకటే, గుండెను వీలైనంత తప్పించడం.

అది ఎలా జరుగుతుందో చూడాలంటే ప్లానింగ్ గదిలోకి వెళ్లాలి. చికిత్సకు వారం పది రోజుల ముందు రోగిని సీటీ బల్ల మీద వెల్లకిలా పడుకోబెడతారు. చేతులు తల మీదికి. వీపు కింద పూసల సంచి పెట్టి గాలి లాగేస్తే అది ఒంటి అచ్చులా గట్టిపడుతుంది. రోజూ అదే అచ్చులో పడుకోవాలి. ఛాతీ మీద పుట్టుమచ్చంత చుక్కలు పచ్చబొట్టుగా పొడుస్తారు. ఊపిరి తీసి వదిలే క్రమంలో పది ఘట్టాలను స్కాన్ చేస్తారు, కణితి ఎంత కదులుతుందో తెలియడానికి. ఆ తర్వాత డాక్టరు తెర ముందు కూర్చుని ఒక్కొక్క పొర మీద గీతలు గీస్తారు. కణితి, గ్రంథులు, ఊపిరితిత్తులు, అన్నవాహిక, వెన్నుపాము, గుండె. ఈ గీతే కంప్యూటర్‌కు ఆజ్ఞ. గుండె గీత తప్పుగా ఉంటే గుండెకు తగిలే డోసు లెక్కా తప్పే. ఒకే గుండెను ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా గీస్తుండటంతో, ఎలా గీయాలో చూపించే అట్లాసులు తయారు చేయాల్సి వచ్చింది. ఇప్పుడు ఎల్‌ఏడీని కూడా విడిగా గీసే పని కృత్రిమ మేధకు అప్పగించే ప్రయత్నాలు బోస్టన్ వంటి చోట్ల జరుగుతున్నాయి.

యంత్రం సంగతికొస్తే, కిరణం తీవ్రతను ముక్కలు ముక్కలుగా మార్చే ఐఎంఆర్‌టీ పద్ధతి పాత పద్ధతి కంటే గుండెకు మేలని 0617 రోగుల లెక్కలే చెప్పాయి. తీవ్రమైన ఊపిరితిత్తుల వాపు కూడా 7.9 శాతం నుంచి 3.5కి తగ్గింది. ఊపిరి బిగబట్టించి చికిత్స చేసే పద్ధతి కొందరికి పనికొస్తుంది, ఊపిరితిత్తులు నిండినప్పుడు గుండె కిందికి జారి పక్కకు తప్పుకుంటుంది. పొగతాగి ఆయాసపడే మనిషికి అది కష్టం.

ఆ ట్రయల్ ఫైళ్లలోంచే వచ్చిన మరో సంగతి డాక్టర్లకు అంత రుచించదు. రోగులను ఎక్కువగా చేర్చిన, అనుభవం ఉన్న కేంద్రాల్లో గుండెకు తగిలిన డోసు తక్కువ, రోగులు బతికిన కాలం ఎక్కువ. ప్రోటోకాల్ మాత్రం అందరికీ ఒకటే. ఆ తేడాలో చేయితిరిగినతనం పాలు ఉంది. వీలైతే నెలకు ఇలాంటి కేసులు చాలా చేసే చోటికి వెళ్లడం మంచిదని నేను మొహమాటం లేకుండా చెబుతాను.

ప్రోటాన్ చికిత్స గురించి అమెరికాలోని తెలుగు కుటుంబాల్లో అడగనివాళ్లు లేరు. ఎక్స్‌రే కిరణం కణితిని దాటి అవతలి వైపు నుంచి బయటికి పోతుంది. ప్రోటాన్ లెక్కగట్టిన లోతుకు వెళ్లి అక్కడే ఆగిపోతుంది. రాబర్ట్ విల్సన్ అనే భౌతిక శాస్త్రవేత్త 1946లోనే దీన్ని సూచించాడు. కాలిఫోర్నియాలోని లోమా లిండాలో 1990లో ఆస్పత్రికి అనుబంధంగా మొదటి కేంద్రం వచ్చింది. మనకు దగ్గరలో 2019లో చెన్నై అపోలోలో వచ్చింది. గుండెకు డోసు తగ్గుతుంది, అందులో సందేహం లేదు. కానీ హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్‌లో ఐఎంఆర్‌టీతో పోల్చి చూసిన ట్రయల్ ఫలితాలు 2018లో వచ్చినప్పుడు, ఊపిరితిత్తుల వాపులో గానీ జబ్బు తిరగబెట్టడంలో గానీ తేడా కనబడలేదు. ఇల్లు తాకట్టు పెట్టి ప్రోటాన్‌కు పరుగెత్తే ముందు, చేతిలో ఉన్న ఐఎంఆర్‌టీ ప్లానులో గుండె డోసు ఎంతో అడగడం మేలు.

దూరాన్ని నమ్ముకున్న ఇంకో పద్ధతిలో మన తెలుగువాళ్ల చెయ్యి ఉంది. కృష్ణా జిల్లా మంటాడలో పుట్టి, కర్నూలు మెడికల్ కాలేజీలో చదివి, న్యూయార్క్ మెమోరియల్ స్లోన్ కెట్టరింగ్‌లో పేరు తెచ్చుకున్న నోరి దత్తాత్రేయుడు బ్రాకీథెరపీలో ఆరితేరినవారు. కిరణాన్ని బయటి నుంచి దూర్చకుండా, రేడియోధార్మిక పదార్థాన్ని కణితి దగ్గరే పెట్టడం ఆ పద్ధతి. దూరం పెరిగేకొద్దీ డోసు గబగబా పడిపోతుంది. గ్రంథులన్నిటికీ పాకిన మూడో దశ ఊపిరితిత్తుల జబ్బుకు అది సరిపోదు, కిరణం బయటి నుంచే రావాలి.

ఈ గొడవంతా పదేళ్ల క్రితం కంటే ఇప్పుడు ఎక్కువ అవసరం కావడానికి కారణం రోగులు బతుకుతుండటమే. 2018 ఫిబ్రవరిలో అమెరికా ఎఫ్‌డీఏ, కీమో రేడియేషన్ తర్వాత దుర్వాలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందుకు అనుమతి ఇచ్చింది. దాని వెనకున్న పసిఫిక్ ట్రయల్‌లో అయిదేళ్ల తర్వాత దాదాపు 43 శాతం మంది బతికే ఉన్నారు, మందు లేనివాళ్లలో 33. కణితిలో ఈజీఎఫ్‌ఆర్ అనే జన్యువు మార్పు ఉన్నవాళ్లకు 2024లో ఒసిమెర్టినిబ్ మాత్ర కూడా ఈ వరసలో చేరింది. ఆ మార్పు ఆసియా ప్రజల్లో ఎక్కువ. ఈ మందులకూ గుండె మీద తమవైన ఇబ్బందులున్నాయి, అరుదుగానే అయినా. అయిదేళ్లు బతికే మనిషికి గుండె సంగతి తర్వాత చూద్దాం అనడానికి వీల్లేదు.

అందులో మనవాళ్ల సంగతి ఇంకా వేరు. 2018లో అమెరికా గుండె వైద్య సంఘాల కొలెస్ట్రాల్ మార్గదర్శకాలు దక్షిణాసియా వంశాన్ని గుండె రిస్కు పెంచే అంశాల్లో ఒకటిగా చేర్చాయి. శాన్ ఫ్రాన్సిస్కో, షికాగో ప్రాంతాల్లో 2010 నుంచి నడుస్తున్న మసాలా అధ్యయనం మనవాళ్ల గుండె నాళాల మీదే. అరవై దాటిన నాన్నగారికి షుగరు, బీపీ ఉండి ఊపిరితిత్తుల్లో గడ్డ తేలిందంటే, ఇంట్లో మాటలన్నీ గడ్డ చుట్టూనే తిరుగుతాయి. కొలెస్ట్రాల్ మాత్ర ‘ఇప్పుడు అదెందుకులే’ అని ఆగిపోతుంది. ఆపాల్సిన సమయం అది కాదు. రేడియేషన్ కోసం తీసిన ప్లానింగ్ సీటీలోనే గుండె నాళాల మీద సున్నం తెల్లటి మచ్చల్లా కనిపిస్తుంది. దాని కోసం వేరే స్కాన్ అక్కర్లేదు, చూడమని అడిగితే చాలు. సున్నం ఉంటే చికిత్స మొదలవక ముందే గుండె డాక్టరును కలిసి స్టాటిన్, బీపీ మందులు సరిచేసుకోవచ్చు. ‘ఎకో నార్మల్’ అన్న ఒక్క ముక్కతో ఊరుకోకూడదు, ఎకో కండరం బలాన్ని చూపిస్తుంది గానీ నాళాల్లో పూడికను చూపించదు.

ఇదంతా చదివి రేడియేషన్ వద్దనుకుంటే అది ఇంకా పెద్ద పొరపాటు. మూడో దశ జబ్బుకు వైద్యం చేయకపోతే గుండె దాకా వచ్చే వ్యవధే ఉండదు. 60 గ్రే ప్రయోజనం 1970లలోని ట్రయల్స్ నుంచి నిలబడి ఉన్నదే. అడగాల్సింది ఇంకోటి: గుండెకు సగటు డోసు ఎంత, ఎల్‌ఏడీకి ఎంత, ఇంకొంచెం తగ్గించే దారి ఉందా. సగటు 20 గ్రే లోపు ఉండాలన్నది అమెరికాలో చాలా ఆస్పత్రులు పాటించే హద్దు, 10 లోపు వస్తే మరీ మంచిది. కణితి గుండెను ఆనుకుని ఉంటే అది కుదరకపోవచ్చు, అప్పుడు డాక్టరు ఆ మాట విప్పి చెప్పాలి. చికిత్స తర్వాత కొత్తగా ఆయాసం వస్తే అది ఊపిరితిత్తుల వాపా, గుండె చుట్టూ నీరా, గుండె వైఫల్యమా అని ఈసీజీ, ట్రోపోనిన్ రక్తపరీక్ష, ఎకో చేసి తేల్చుకోవాలి.

అమెరికాలో పిల్లల దగ్గర వైద్యం చేయించుకుని విజయవాడకో వరంగల్‌కో తిరిగి వెళ్లేవాళ్లు సాధారణంగా పెట్ స్కాన్ సీడీ, బయాప్సీ రిపోర్టు, మందుల చీటీ తీసుకెళ్తారు. రేడియేషన్ ముగింపు సారాంశం, దాంతోపాటు ఏ అవయవానికి ఎంత డోసు తగిలిందో చూపే గ్రాఫు కూడా ఆ ఫైల్లో పెట్టించుకోవాలి. రేడియేషన్ విభాగంలో అడిగితే ప్రింటు తీసి ఇస్తారు. ఎనిమిదేళ్ల తర్వాత ఛాతీనొప్పితో వెళ్లినప్పుడు అక్కడి గుండె డాక్టరుకు అమెరికాలో ఎవరు, ఏ యంత్రంతో, ఎటు నుంచి కిరణం పంపారో తెలిసే మార్గం ఆ ఒక్క కాగితమే.